వెంకటలక్ష్మమ్మ సంతకం

బుక్కరాయసముద్రం,
ఆగస్టు 2003

అత్తా,

నేను, పాపను. ఫోన్ చేయకుండా ఉత్తరం ఏమిటా అనుకుంటావు. ఇక్కడ ఫోన్ హాల్లో, పెదనాయన కుర్చీ పక్కనే ఉంటుంది కదా. నా తెలుగు చూసి నవ్వొద్దు. మా స్కూల్లో తెలుగు మాట్లాడితే ఎండలో నిలబెట్టేవాళ్ళు. ఇప్పుడు ఇంటర్ రెండో సంవత్సరంలో కూడా ఒత్తులు వెతుక్కుంటూనే రాస్తున్నాను.

అందరూ బాగున్నారు. వాన లేదు. విత్తిన శనక్కాయ మొలిచి అట్లే వాడిపోయింది. చెరువులో పిల్లలు క్రికెట్ ఆడుతున్నారు. అమ్మ ఎప్పటిలాగే పెద్దమ్మ కంటే ముందు లేచి, అందరి తర్వాత తింటోంది. నేను ఏమన్నా అంటే, "మీ నాయన పోయినప్పట్నుంచి మనకు నీడ ఇచ్చిండేది ఆయప్పే" అని పెదనాయనను చూపిస్తుంది. నాకు తెలుసు. ఫీజు కట్టేది పెదనాయనే. దివాకర్ బావ కదిరిలో సైకిల్ షాపు పెట్టాడట కదా, నిజమేనా?

ఒక చిన్న సంగతి, ఊరికే అడుగుతున్నాను. అవ్వకు సంతకం వచ్చా? నాకు మూడేళ్ళప్పుడే పోయింది కాబట్టి ఫోటోలో చూడడం తప్ప నాకేమీ తెలియదు.

ఎందుకంటే పెదనాయన నాకో పని చెప్పాడు. రోజూ కాలేజీ నుంచి రాగానే తెల్ల కాగితం మీద అవ్వ పేరు రాయమంటాడు. వెంకటలక్ష్మమ్మ, వెంకటలక్ష్మమ్మ, వెంకటలక్ష్మమ్మ. "ఏంటికి పెదనాయనా?" అని అడిగాను. "నీకు తెలుగు చెయ్యి తిరగల్ల గదమ్మా. దేవుని పేరూ అయితాది, మా యమ్మ పేరూ అయితాది" అన్నాడు. నేనూ నవ్వాను. కానీ రాసిన కాగితాలన్నీ చూసి, తీసుకుపోయి పొయ్యిలో పెడుతున్నాడు. నా చెయ్యి తిరగడం కోసమే అయితే కాల్చడం ఎందుకు?

జవాబు మా క్లాస్‌మేట్ జ్యోతి ఇంటికి రాయి, అడ్రసు వెనక రాశాను. ఇంటికి రాయొద్దు. అమ్మకు కూడా చెప్పొద్దు.

పాప

~

తనకల్లు,
సెప్టెంబరు

పాపకు మీ అత్త దీవించి రాసేది.

ఈడ మేము బాగుండాము. వాన ఈడా లేదు. దివాకర్ షాపు పెట్టింది నిజమే, పంచర్లు ఏసుకుంటాండాడు.

నువ్వు సదువుకునే పిల్లవి. ఇట్లా సంగతులు నీకేంటికి? మా యమ్మకు సంతకం రాదు, వేలిముద్రే. పెద్దోళ్ళు రాయమంటే రాయి, అరిగిపోతావా? ఇంకొకరి అడ్రసుకు ఉత్తరాలు రాయమనడం మన ఇంటి ఆడపిల్లలకు మంచిది కాదు. మా అన్నకు తెలిస్తే నిన్ను కాదు, నన్ను అంటాడు.

మీ అమ్మను ఆరోగ్యం చూసుకోమను. పరీక్షలు బాగా రాయి.

అత్త

~

బుక్కరాయసముద్రం,
సెప్టెంబరు

అత్తా,

నీ ఉత్తరం చదివాక నా భయం రెండింతలైంది. అవ్వకు సంతకమే రాదన్నావు. సంతకం రానామె పేరుతో, చనిపోయినామె పేరుతో, నేను సంతకం నేర్చుకుంటున్నాను. అది నేరం కాదా? నాకు పద్దెనిమిది నిండకూడదని దేవునికి మొక్కుతున్నాను. ఎందుకంటే మొన్న పెదనాయన కొడుకుతో, అదే మా కిరణ్ అన్నతో అన్నాడు: "కార్తీకంలో పాపకు పద్దెనిమిది నిండుతాయి. అప్పుడు రిజిస్ట్రార్ ఆఫీసుకు పోయి పని ముగించుకోని వస్తాం. ఆ తర్వాత నీ ప్లాట్లు నువ్వు ఏసుకో." నేను తలుపు వెనక ఉన్నాను.

అందుకే ఒక పని చేశాను. ఎవరికీ చెప్పవు కదా?

కెమిస్ట్రీ ల్యాబ్ ఎగ్గొట్టి, జ్యోతిని వెంటబెట్టుకుని అనంతపురం రిజిస్ట్రార్ ఆఫీసుకు పోయాను. బయట చెట్టు కింద బల్లలు వేసుకుని దస్తావేజులు రాసేవాళ్ళు వరసగా ఉంటారు. వీరప్ప అని ఒకాయన పిలిచాడు. "ఏం పిల్లోయ్, పెండ్లి రిజిస్ట్రేషనా? పిల్లోడు యాడ?" అని పెద్దగా అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళంతా నవ్వారు. జ్యోతి వాళ్ళు ధర్మవరం నుంచి అనంతపురం వచ్చిన నేతవాళ్ళు కదా, ఊరుకోలేదు. "పిల్లోడు మీ ఇంట్లో ఉంటే చెప్పన్నా, చూస్తాం" అంది. అప్పుడు కొంచెం మర్యాదగా మాట్లాడాడు.

మా అవ్వ పేరున భూమి ఏమైనా ఉందా, అమ్మారా, ఎవరికైనా రాశారా, చూడాలని అడిగాను. సర్వే నంబరు అడిగాడు. నాకేం తెలుసు? చెరువు దగ్గర, రోడ్డు పక్క చేను అన్నాను. మనవాళ్ళు దాన్ని గసగసాల చేను అంటారని చెప్పాను. "గసగసాలు, జీలకర్ర రికార్డులో ఉండవు తల్లీ" అన్నాడు. పాత సంవత్సరాలవి ఇంకా కంప్యూటర్లోకి ఎక్కలేదట. పేర్ల ప్రకారం పుస్తకాలు తిప్పించాలట. దరఖాస్తు రాయించి లోపలికి పోయాడు. మేము గోడ నీడలో కూర్చున్నాం. తెలిసినవాళ్ళు ఎవరైనా కనపడతారేమోనని నేను చున్నీ మొహం మీదికి లాక్కున్నాను.

చాలాసేపటికి వచ్చాడు. "ఉండాది. దానపత్రం. చేను ఇచ్చినామె పేరు వెంకటలక్ష్మమ్మ. తీసుకున్నామె పేరు వెంకటలక్ష్మమ్మ" అన్నాడు.

తనకు తానే ఎలా ఇచ్చుకుంటుంది అత్తా?

నేనూ అదే అడిగాను. వీరప్ప గడ్డం గోక్కున్నాడు. "నకలు తీస్తే అన్నీ తెలుస్తాయి. సాక్షి పేరు మాత్రం చూసినా, వనజాక్షి అని ఉండాది" అన్నాడు. తర్వాత నా మొహంలోకి చూసి, "నువ్వు బయ్యన్న తమ్ముని కూతురివా?" అని పెదనాయన పేరెత్తి అడిగాడు. కాదని చెప్పాను. నమ్మలేదనుకుంటా.

వనజాక్షి నువ్వే కదా. అవ్వకు సంతకం రాదని చెప్పావు గానీ, నువ్వు సంతకం పెట్టిన సంగతి చెప్పలేదు. ఎందుకు? ఆ రెండో వెంకటలక్ష్మమ్మ ఎవరు? ఉందా అసలు? లేకపోతే అప్పుడు కూడా ఎవరినో అవ్వలాగా నిలబెట్టారా, ఇప్పుడు నన్ను నిలబెట్టబోతున్నట్టు?

కోపంతో రాయడం లేదు. భయంతో రాస్తున్నాను.

పాప

~

బుక్కరాయసముద్రం,
అక్టోబరు

అత్తా,

జవాబు రాలేదు. రోజూ జ్యోతి తల అడ్డంగా ఊపుతోంది.

వీరప్ప పెదనాయనకు చెప్పేశాడు. నకలు కూడా పెదనాయనే తెచ్చేసుకున్నాడు. నేను జ్యోతిని పంపితే, "మీ పెద్దోళ్ళు తీసుకోని పోయినారు" అన్నాడట.

పెదనాయన కొట్టలేదు, అరవలేదు. అన్నం తింటూ పక్కన కూర్చోబెట్టుకుని, తన కంచంలోని పప్పు నా కంచంలో వేసి, "ఆఫీసు చూడాలని ఉంటే నన్ను అడిగితే నేనే జీపులో తోలుకోని పోతా గదమ్మా. నీకు నాకన్నా దగ్గరోళ్ళు ఎవురు?" అన్నాడు. పెద్దమ్మ మాత్రం, "ఇంగ్లీషు సదువులు ఇట్లే ఉంటాయి, కంచంలో తిని కంచాన్నే అనుమానిస్తాయి" అంది. అమ్మ గోడకు ఆనుకుని నేలను చూస్తోంది.

పడుకునేటప్పుడు అమ్మను అడిగాను, "అవ్వ ఎవరికో చేను రాసిచ్చిందంట, నీకు తెలుసా?" అని. "ఆయమ్మ యాడ వేలు పెట్టమంటే ఆడ పెట్టినా. నాకేం తెలుసు" అంది. "ఏ పేరున రాసింది?" అంటే నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. గద్దించి అడిగితే ఏడ్చింది. అవ్వ గురించి అడిగితే ఎందుకు ఏడవాలి?

సంతకం ఇంకా రోజూ రాస్తున్నాను. ఇప్పుడు చూడకుండా కూడా రాయగలను. పరీక్ష పేపరు మీద కూడా ఆ పేరే రాస్తానేమోనని భయమేస్తోంది. కార్తీకం వచ్చేస్తోంది. ఆ రోజు నేను సంతకం పెడితే జైలుకు పోతానా? పెట్టకపోతే అమ్మ ఎక్కడికి పోతుంది?

ఒక్క లైను రాయి. తిట్టినా సరే.

పాప

~

తనకల్లు,
అక్టోబరు

పాపా,

ఏడ్చాల్సిన పని లేదు. మొదట ఇది ఇనుకో. నువ్వు సచ్చిపోయినామె సంతకం నేర్చుకుంటాండ్లా. నీ సంతకమే నువ్వు నేర్చుకుంటాండావు.

వెంకటలక్ష్మమ్మంటే నువ్వే. నిన్ను తొట్టిల్లో ఏసిన దినం మా యమ్మ తన పేరే నీకు పెట్టింది. పేరు నీ చెవిలో మూడుసార్లు చెప్పిండేది మేనత్తను నేనే. నీకెట్లా తెలుస్తాది? మీ అమ్మ తన అత్త పేరు నోటితో పలకగూడదు, అది మన ఇంట్లో పద్ధతి. ఆమె ఇప్పుడు కూడా పలకదు, సంపినా పలకదు, అందుకే ఏడ్చింటాది. మీ పెదనాయన తల్లి పేరు పెట్టి బిడ్డను కసురుకోలేడు. అందుకని అందరూ పాపా, పాపా అన్నారు. బడిలో చేర్పించే పొద్దు పేరేందని ఆ టీచరమ్మ అడిగితే, ఏదో ఒకటి చెప్పల్ల గదా, ప్రశాంతి అని మీ పెదనాయనే రాయించినాడు. దాంట్లో మోసం లేదు. అందరం మరిచిపోయినాం, అంతే.

మా యమ్మ మరిచిపోలా. మీ నాయన బోరు మోటరు కాడ కరెంటు కొట్టి పోయినాక, ఆమె పుట్టింటోళ్ళు ఆమెకు పసుపు కుంకుమ కింద ఇచ్చిన చేను, ఆ గసగసాల చేను, నీ పేరున రాసింది. మీ అమ్మ నీ తరపున వేలిముద్ర ఏసింది. నేను సాక్షి. ఇంకొక సాక్షి ఉన్యాడు, ఆయప్ప పోయి శానా దినాలాయ. ఇది మా అన్నకు అప్పుడే తెలుసు. చేను ఆయప్పే దున్నుకుంటా ఉన్యాడు, నిన్ను సాకినాడు గదా అని ఎవురూ ఏమీ అనలేదు. ఇప్పుడు ఊరు ఆ పక్కకు పెరిగిండాది. నీకు పద్దెనిమిది నిండినాక, నీ చేతనే చేను నాకొద్దని రాయించుకుంటాడు. సంతకం నేర్పించేది అందుకే, కాగితాలు కాల్చేది ఎవురికీ అనుమానం రాకూడదని.

నాకు తెలిసీ ఎందుకు చెప్పలేదని అడిగినావు. రాస్తే తప్ప నీకు అర్థం కాదు. పెండ్లయినప్పట్నుంచి ఈ ఇంట్లో మీ మామ చెయ్యి ఎత్తినప్పుడల్లా, "బయ్యన్నకు కబురు పెడతా" అంటా. ఎత్తిన చెయ్యి దిగుతాది. ఒకసారి మా అన్న జీపేసుకోని వచ్చి, ఈ వాకిట్లోనే మీ మామ గల్లా పట్టుకున్యాడు. ఆ అన్నకు ఎదురు పోతే నాకు ఎవురుండారు?

మొన్న ఆయప్పే కబురు పెట్టినాడు, నన్నూ వచ్చి నీ పక్కన సాక్షి సంతకం పెట్టమని. జొరమని చెప్పి పంపినా. జొరం లేదు.

నువ్వు ఏం చెయ్యల్లో నేను చెప్పను. నేను చెప్పినానని మాత్రం ఎవురికీ చెప్పద్దు. ఈ కాగితం కాల్చెయ్.

అత్త

~

అనంతపురం,
డిసెంబరు

అత్తా,

ఊరి పేరు చూసి ఉంటావు. చెప్తాను.

నీ ఉత్తరం చదివాక రెండు రోజులు జ్వరం వచ్చింది, నాది నిజం జ్వరమే. నా పేరు నాకు తెలియదు! అద్దం ముందు నిలబడి పిలుచుకుని చూశాను. ఎవరో ముసలామెను పిలిచినట్టుంది. నేరం కాదని తెలిశాక భయం పోవాలి కదా, పోలేదు. ఇంతకు ముందు ఎవరో చేయించే తప్పుకు భయపడ్డాను. ఇప్పుడు నేనే ఏదో ఒకటి చెప్పాలి కదా అని భయం.

పద్దెనిమిది నిండిన వారానికి జీపులో పోయాం. ముందు పెదనాయన, కిరణ్ అన్న, వెనక నేను, అమ్మ. దోవలో నాకు కొత్త చెప్పులు కొనిచ్చాడు. వీరప్ప కాగితం సిద్ధంగా పెట్టుకున్నాడు. నన్ను చూసి, "మీ అవ్వ భూమి దొరికెనా తల్లీ?" అన్నాడు నవ్వుతూ.

రిజిస్ట్రారు కళ్ళజోడు కింది నుంచి చూసి, "పిల్లను గుర్తుపట్టేవాళ్ళు ఎవరు?" అన్నాడు. పెదనాయన అమ్మను ముందుకు తోశాడు. "కన్నతల్లి సార్."

"ఏమమ్మా, ఈ పిల్ల పేరేమి?"

అమ్మ మాట్లాడలేదు.

"పేరమ్మా, పేరు. నీ కూతురే కదా?"

"నా కూతురే సార్."

"పేరు చెప్పు మరి."

"మా అత్త పేరు సార్. పలకగూడదు."

ఆఫీసంతా నవ్వింది. పెదనాయన కూడా నవ్వి, "ఏం కాదులే అంజనమ్మా, మా యమ్మ ఏమీ అనుకోదు, పలుకు" అన్నాడు. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. మళ్ళీ అడిగారు, మళ్ళీ లేదు. పెదనాయన గొంతు మారింది. "పలకమంటాండా గదా!" అన్నాడు. అప్పుడు అమ్మ నన్ను చూసింది. పద్ధతి కోసమే పలకలేదో, ఇంకెందుకో, నాకు ఇప్పటికీ తెలియదు. అడిగినా చెప్పడం లేదు.

నేను చెప్పాను. "నా పేరు వెంకటలక్ష్మమ్మ సార్."

"కాగితం చదువుకున్నావా?"

"లేదు సార్. చదవనివ్వలేదు."

చదవమని ఇచ్చాడు. నాకు తెలుగు పైకి చదివితేనే అర్థమవుతుంది. గట్టిగా, అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివాను. 'వెంకటలక్ష్మమ్మ అలియాస్ ప్రశాంతి అను నేను, నా పూర్తి ఇష్టముతో' అని మొదలైంది. నా రెండు పేర్లు పక్కపక్కన ఉండగా మొదటిసారి చూశాను. వెనక ఎవరో "ఒకటో తరగతా?" అన్నారు. కిరణ్ అన్న టేబుల్ మీద వేళ్ళతో కొడుతున్నాడు. చివరిదాకా చదివాను.

"ఒప్పుకుని సంతకం పెడుతున్నావా?"

"లేదు సార్. చేను నాది. ఇవ్వను" అన్నాను. ఎంత చిన్నగా అన్నానంటే, ఆయన మళ్ళీ చెప్పించుకున్నాడు.

ఆ కాగితాన్ని ఆయన పెదనాయనకు తిరిగి ఇచ్చేశాడు. బయటికి వచ్చాక పెదనాయన దాన్ని నా కళ్ళ ముందే చించాడు. "ఇంగ్లీషు మీడియం సదివించిండేది నాకు ఎదురు చెప్పడానికేనా?" అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది. ఆయన కళ్ళలో నీళ్ళున్నాయి. జీపు వెళ్ళిపోయింది. మేము బస్సులో పోయేసరికి మా ట్రంకు పెట్టె, అమ్మ పరుపు వాకిట్లో ఉన్నాయి. ఇప్పుడు జ్యోతి వాళ్ళ వెనక గదిలో ఉంటున్నాం. అమ్మ వాళ్ళ మగ్గానికి రేషం, అంటే పట్టుదారం, కండెలకు చుట్టి ఇస్తోంది.

చేను దగ్గరికి పోతే కిరణ్ అన్న రాళ్ళు పాతిస్తున్నాడు. పాస్‌పుస్తకం నా పేరున ఇమ్మని మండలాఫీసులో అర్జీ పెట్టాను. పెదనాయన అక్కడికి వచ్చి, "వెంకటలక్ష్మమ్మంటే మా యమ్మ. ఆమె సచ్చిపోయింది. ఈ పిల్ల పేరు ప్రశాంతి, కావాలంటే బడి సర్టిఫికెట్ చూడండి సార్, నేనే చేర్పించినా" అన్నాడు. సర్టిఫికెట్‌లో అదే ఉంది. రెండు పేర్లూ ఉన్న కాగితం చింపేశాడు. పాత దానపత్రంలో మనవరాలు వెంకటలక్ష్మమ్మ అని ఉంది గానీ, ఆ మనవరాలు నేనేనని ఎవరు చెప్పాలి? అమ్మ మాట చెల్లదట, లాభం ఉన్న మనిషి కాబట్టి. ఆ రోజు సాక్షి సంతకం పెట్టినవాళ్ళు వచ్చి, ఈ పిల్లే ఆ పిల్ల అని చెప్పాలట. విచారణ వచ్చే సోమవారం.

నీ సంగతి నేను చెప్పలేదు. ఎవరు చెప్పారని పెదనాయన అడిగితే, "వీరప్ప దగ్గర విన్నాను" అన్నాను. నీ ఉత్తరం కాల్చేశాను. కాల్చకుండా ఉంటే అదైనా చూపించేదాన్నే అని నిన్న అనిపించింది, సిగ్గేసింది.

రమ్మని అడగడానికి రాయడం లేదు. మామ సంగతి నువ్వు రాసింది నాకు గుర్తుంది. నువ్వు రాకపోతే చేను పోతుంది. అది నీకు తెలియాలని మాత్రం రాస్తున్నాను. రాకపోయినా నేను ఏమీ అనుకోను అని రాద్దామనుకున్నాను గానీ, అది అబద్ధం.

అమ్మ నిన్ను అడిగినట్టు చెప్పమంది.

ప్రశాంతి

~

తనకల్లు,
డిసెంబరు

వెంకటలక్ష్మమ్మా,

నీ ఉత్తరం దివాకర్ షాపులో సదువుకున్యా. ఇంట్లో సదవలేకపోయినా.

మా అన్నకు నేనే ఫోన్ చేసినా, కదిరిలో ఎస్టీడీ బూతు కాడ్నుంచి. పాపకు చెప్పిండేది నేనే, వీరప్ప కాదు అన్యా. ఫోన్ పెట్టేసినాడేమో అనుకున్యా. పెట్టలేదు, ఊపిరి ఇనపడతాంది. "సోమవారం వస్తావా?" అన్యాడు. వస్తా అన్యా. "వస్తే ఆఫీసుకు రా, ఇంటికి రావద్దు" అన్యాడు. సరే అన్యా. నన్ను భుజాన కూసోబెట్టుకోని తిరునాళ్ళు చూపించిన మనిషి, పాపా. నువ్వు ఆయప్పను శత్రువు అనుకోవద్దు. నేను అనుకోలేను. కానీ అమ్మ చెప్పిన మాట ఉండాది, నేను పెట్టిన సంతకం ఉండాది.

మీ మామకు చెప్పినా. "పుట్టింటోళ్ళ వాకిలి మూసుకోని, రేప్పొద్దున ఎవురి పేరు చెప్పి నన్ను బెదిరిస్తావు?" అని నవ్వినాడు. "నా పేరే చెప్తా" అన్యా. నోట్లోంచి వచ్చేసింది. ఇంకేం జరుగుతాదో నాకు తెల్దు, రాయను. దివాకర్ అంతా ఇన్యాడు. బస్సెక్కించేది వాడే.

సోమవారం మొదటి బస్సుకు వస్తా. మీ అమ్మను కూడా తోలుకోని రా, ఆమె ఏమీ మాట్లాడాల్సిన పని లేదు. ఆ ఆఫీసరు నన్ను ఏం అడుగుతాడో నాకు తెలీదు, కాగితాల సంగతి నాకు తెలీదు. మా అన్న ఎదురుగా కూసోని ఉంటాడు. నేను ఆయప్ప మొగం చూడను, చూస్తే నోరు రాదు. లోపలికి రాంగానే నిన్ను పేరు పెట్టి పిలుస్తా, అందరికీ ఇనపడేట్టు.

నువ్వు గట్టిగా పలుకు.

మీ మేనత్త
వనజాక్షి